ఖష్కాయీ సంచారుల పాత జంట సంచి: ఏ తెగది, ఏ కాలానిది, ఎలా కాపాడుకోవాలి?

గోదారిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. షార్జాలో పాత తివాచీలు అమ్మే ఒక దుకాణంలో ఈ మధ్య ఒక నేత సంచిని కొన్నాను. పశువు వీపుకు రెండు వైపులా వేలాడేలా ఒకే పొడవున నేసిన జంట సంచి ఇది. ఇరాన్‌లో దీన్ని ఖుర్జీన్ అంటారనీ, దక్షిణ ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతపు ఖష్కాయీ సంచారులు దీన్ని నేశారనీ, నూట యాభై ఏళ్ల పాతదనీ దుకాణదారు చెప్పారు.

ఒక్కో సంచి సుమారు 55 సెంటీమీటర్ల చదరం ఉంది. ముఖభాగమంతా తివాచీలా ముడులు వేసి నేసిన నూగు. వెనుక భాగం ముడులు లేని చదును నేత, ఎరుపు, నీలం, పసుపు పట్టీలతో ఉంది. ముఖం మీద ముదురు నీలం నేల, మధ్యలో చుట్టూ కొక్కేల వంటి అంచున్న వజ్రాకారపు పలక, నాలుగు మూలల్లో చిన్న పక్షులు, మేకలు ఉన్నాయి. సంచి నోటి దగ్గర ఒక అంచున చీలికలు, రెండో అంచున అల్లిన ఉచ్చులు ఉన్నాయి. ఒక్కో ఉచ్చును చీలికలోంచి లాగి, దానిలోంచి పక్క ఉచ్చును దూర్చుకుంటూ పోతే నోరు గొలుసుకట్టుగా మూసుకుంటుంది. ఒక సంచి అడుగున అరచేయంత మేర నూగు పూర్తిగా అరిగిపోయింది.

ఇది నిజంగా ఖష్కాయీ నేతేనా, వయసు గురించి ఆయన చెప్పిన మాట నిలుస్తుందా అన్నది నా మొదటి ప్రశ్న. రెండోది, ఇంట్లో వాళ్లు దీన్ని డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి, రెండుగా కోయించి, దిండు గలీబులుగా వాడుకుందామంటున్నారు. దయచేసి మీ సలహా చెప్పండి.

పడుగుపేక

గోదారిగట్టు గారూ, ముందుగా ఒక విన్నపం. ఈ చర్చ తేలేవరకు దాన్ని కోయించకండి, ఉతికించకండి. ముఖాలను మాత్రమే కోసి, వెనుక నేతను పారేసి అమ్మడం పాశ్చాత్య దేశాల వ్యాపారంలో దశాబ్దాల తరబడి సాగిన పని. అందువల్లనే ఈ రోజు విడి సంచి ముఖాలు ఎన్నో కనిపిస్తాయి గానీ, రెండు సంచులూ, మధ్య నేతా, మూతి ఉచ్చులూ చెక్కుచెదరకుండా ఉన్న పూర్తి ఖుర్జీన్‌లు అరుదుగా దొరుకుతాయి. మీ చేతిలో ఉన్నది అలాంటి పూర్తి వస్తువు కనుక, దాని విలువలో సగం ఆ వెనుక నేతలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక తెగ విషయం. ముఖం మీది బొమ్మను చూసి తెగ చెప్పడం సాధ్యం కాదు. ఫార్స్‌లో తుర్కీ భాష మాట్లాడే ఖష్కాయీలు ఒకవైపు, అరబ్, బాసెరీ, బహార్లూ, ఐనాలూ, నఫర్ అనే ఐదు తెగలు కలిసిన ఖంసే కూటమి మరొకవైపు, వీరికి తోడు లూరీలు ఉంటారు. ఖష్కాయీల బలానికి ఎదురుగా నిలబెట్టడానికి 1861-62లో ఇరాన్‌ను ఏలిన కాజర్ వంశపు రాజు నాసిరుద్దీన్ షా ఖంసే తెగలను షిరాజ్‌కు చెందిన ఖవామ్ వంశీకుల నాయకత్వం కిందికి తెచ్చాడు. రాజకీయంగా ఎదురెదురుగా ఉన్నా, వీరందరి నేతలూ షిరాజ్‌లోని వకీల్ బజారుకే చేరేవి; పెళ్లిళ్ల ద్వారానూ, పక్క గుడారంలో చూసి నేర్చుకోవడం ద్వారానూ బొమ్మలు ఒక తెగ నుంచి మరో తెగకు వెళ్లాయి. కొక్కేల పలక ఖష్కాయీలకు ఇష్టమైన నమూనా అన్నది నిజమే, కానీ ఖంసే నేతల్లోనూ దాని రూపాలు కనిపిస్తాయి. మూలల్లోని పక్షుల బొమ్మలైతే ఖంసే పనిలో మరింత తరచుగా వస్తాయి.

అందుకని ముఖాన్ని వదిలి, నేతను తిరగేసి చూడాలి. పడుగు, అంటే పొడవు దారం, తెల్లని ఉన్నా, గోధుమ రంగు ఉన్నా, రెండూ కలిపి పెనిందా? ముడుల వరసల మధ్య అడ్డంగా పోయే పేక దారం ఏ రంగులో ఉంది? పక్క అంచుల్ని ఒకే రంగు ఉన్నితో చుట్టారా, రంగులు మార్చి మార్చి చుట్టారా? వీటికి జవాబులు దొరికితే కొంత స్పష్టత వస్తుంది. ఖష్కాయీ పనిలో లేత రంగు ఉన్ని పడుగు, ఎర్రని ఉన్ని పేక, రంగులు మారుతూ పోయే అంచు చుట్టు తరచుగా కలిసి కనిపిస్తాయి. ఖంసే పనిలో పడుగు ముదురు రంగు వైపు మొగ్గుతుంది. లూరీ పనిలో నేత ముతకగా, నూగు పొడవుగా ఉంటుంది. ఇరాన్‌లోనే మరో తెగ అయిన బఖ్తియారీల సంచులైతే వేరే తీరు: ముఖాన్ని పేకను పడుగుకు చుట్టే పద్ధతిలో నేసి, రాపిడి ఎక్కువగా తగిలే అడుగు భాగంలో మాత్రమే ముడుల నూగు పెడతారు, తెలుపు కోసం నూలు దారం వాడతారు. మీ సంచి ముఖమంతా నూగే కనుక బఖ్తియారీ అన్న మాటను పక్కన పెట్టవచ్చు.

వీలైతే వెనుక భాగాన్ని, అంచును దగ్గరగా తీసిన ఫోటోలు పెట్టగలరు.

పాలమూరు_గొంగడి

పడుగుపేక గారు చెప్పిన దానికి ఉన్ని వైపు నుంచి కొంత జోడిస్తాను. మా ఇంట్లో గొర్రెల పెంపకం, గొంగడి నేత రెండూ చూస్తూ పెరిగాను కనుక, మగ్గం తేడా నన్ను ఎంతో ఆకర్షించింది. మా వైపు కురుమల ఇళ్లలో ఆడవాళ్లు ఉన్ని వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఖష్కాయీలలో మగవాళ్లు ఉన్ని కత్తిరిస్తారు, మగ్గం అమరుస్తారు. వడకడం, అద్దడం, నేయడం ఆడవాళ్ల పని. వారి మగ్గం నేల మీద పరిచినట్టు ఉంటుంది: రెండు దూలాలను మేకులతో నేలకు బిగించి, వాటి మధ్య పడుగు లాగుతారు. వలస కదిలే రోజు వస్తే మేకులు పీకి, సగం నేసిన పనిని దూలాలతో సహా చుట్టి, పశువు మీద వేసుకుని, తరువాతి మజిలీలో మళ్లీ బిగిస్తారు. మళ్లీ బిగించినప్పుడు లాగుడు ముందున్నంత సమంగా రాదు కనుక, అలాంటి నేతలో ఒక అంచు కాస్త లోపలికి పోవడం, వెడల్పు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గడం సహజం. కొన్నవారు దీన్ని లోపమనుకుని తడిపి, లాగి సరిచేయిస్తారు. దయచేసి అలా చేయించకండి.

దారం చేతితో వడికిందా, మిల్లుదా అన్నది కూడా చూడండి. చేతి వడుకు దారంలో సన్నం, లావు ఒకే వరసలో మారుతూ ఉంటాయి, అందువల్ల అది రంగును కూడా ఒకే తీరుగా పీల్చుకోదు. నీలం నేలలో వరస వరసకూ కాస్త లేత, కాస్త ముదురు తేడాలు కనిపిస్తే అది చాలావరకు ఈ కారణంతోనూ, అద్దకపు తొట్టి మారడం వల్లనూ వచ్చినదే. నా కంటికి అది ఆ నేతలోని గొప్ప అందం.

చరిత్రబాట

సంచి వయసు చెప్పే ముందు దాని పని ఏమిటో గుర్తు పెట్టుకోవాలి. ఖష్కాయీ కూటమిలో అమలే, దర్రె-షూరీ, పెద్ద కష్కూలీ, చిన్న కష్కూలీ, షెష్ బొలూకీ, ఫార్సీమదాన్ తెగలు ముఖ్యమైనవి. శీతాకాలంలో పర్షియా సింధుశాఖకు దగ్గరి వెచ్చని పల్లపు నేలల్లో, వేసవిలో షిరాజ్‌కు ఉత్తరాన జాగ్రోస్ పర్వతాల ఎత్తుల్లో మందలను మేపుతూ, ఏటా రెండుసార్లు సుమారు 480 కిలోమీటర్ల దారిని దాటేవారు. ఇంటి సామగ్రి మొత్తం సంచుల్లోనే ఉండాలి కనుక, ఒక్కో అవసరానికి ఒక్కో రూపం ఏర్పడింది. పరుపులూ దుప్పట్లూ పెట్టడానికి పెట్టె ఆకారపు మఫ్రష్, చిన్న వస్తువులకు చంతె, ఉప్పుకు సన్నని మెడ ఉన్న నమక్‌దాన్, సవారీ పశువు మీద వేయడానికి ఖుర్జీన్. ఉప్పు సంచికి మెడ సన్నగా ఉంచడం మేకలూ గొర్రెలూ మూతి దూర్చి నాకకుండా. మజిలీ చేరాక నల్లని మేకవెంట్రుకల గుడారంలో వెనుక వైపు రాళ్ల మీద ఈ సంచుల్ని వరసగా పేర్చి, వాటి మీద ఒక మంచి నేతను కప్పేవారు. గుడారంలోకి వచ్చినవారికి ముందుగా కనిపించేది ఆ వరసే. ఇంటి ఆడపడుచుల నేర్పు అక్కడ తెలిసేది.

ఇప్పుడు నా సందేహం. దుకాణదారు నూట యాభై ఏళ్లని చెప్పినా, అరుగుదల చూసి మాత్రం నిర్ణయించకూడదు. ఇలాంటి సంచుల వాడకం 19వ శతాబ్దంతో ఆగిపోలేదు. ఇరాన్ పాలకుడు రెజా షా 1930లలో సంచారులను బలవంతంగా స్థిరపరచి వలస దారులు మూయించాడు, 1933లో ఖష్కాయీ నాయకుడు సౌలతుద్దౌలే జైలులోనే మరణించాడు. కానీ 1941లో షా గద్దె దిగగానే చాలామంది మళ్లీ గుడారాలెత్తుకుని వలసకు బయలుదేరారు. 1960ల తరువాత లారీలు వచ్చి, పచ్చిక బయళ్లు జాతీయమై, పశువు మీద సామాను మోసే అవసరం క్రమంగా తగ్గింది. కాబట్టి 1945లో నేసి, ఇరవై ఏళ్లు మోటుగా వాడిన సంచి కూడా ఇంతే అరిగి ఉండవచ్చు.

బందరు_అద్దకం

చరిత్రబాట గారి హెచ్చరిక సరైనదే, అయితే వయసు విషయంలో రంగులు కొంత సాక్ష్యం ఇస్తాయి. కలంకారీ అద్దకం పనిలో ఉన్నవాడిగా రాస్తున్నాను; గోల్కొండ కాలంలో మా బందరు అద్దకం బట్టలు ఓడలెక్కి ఇరాన్‌కు వెళ్లేవి కనుక, ఈ రెండు ప్రాంతాల అద్దకం మాట ఒకచోట రావడం నాకు సంతోషంగా ఉంది.

ఎరుపుకు వారు వాడింది రునాస్ అనే వేరు. మన మంజిష్ఠకు అది దగ్గరి చుట్టం. నీలానికి నీలిమందు, పసుపుకు కొండ మొక్కలు, గోధుమ రంగుకు అక్రోటు కాయ పై తొక్క, దానిమ్మ తొక్క, రంగు పట్టడానికి పటిక. ముదురు గోధుమకూ నలుపుకూ ఇనుము కలిసిన అద్దకం వాడేవారు. బెల్లం నీటిలో ఇనుప ముక్కలు నానబెట్టి మేము చేసుకునే కసిమి నలుపు కాలం గడిచేకొద్దీ బట్టను తినేసినట్టే, ఆ ఇనుము ఉన్నిని కూడా కొరికేస్తుంది. అందుకే పాత ఖష్కాయీ నేతలో గీతలన్నీ ముదురు గోధుమతో వేసి ఉంటే, ఆ గీతల దగ్గర నూగు చుట్టూ ఉన్నదానికన్నా లోతుగా దిగిపోయి, మిగతా రంగులు చెక్కినట్టు పైకి లేచి కనిపిస్తాయి. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

కృత్రిమ రంగుల చరిత్ర మనకు కొన్ని కింది హద్దులు ఇస్తుంది. మొదటి కృత్రిమ రంగు 1856లో పుట్టింది, ఫుక్సిన్ అనే ఊదా ఎరుపు 1859లో వచ్చింది. ఇవి ఫార్స్ సంచారుల నేతల్లోకి 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి చేరాయి. కాజర్ ప్రభుత్వం అనిలిన్ రంగులనే ఈ కృత్రిమ రంగులను నిషేధించినా రాక ఆగలేదు. ఫుక్సిన్ వెలుతురుకు తట్టుకోలేదు: పైన బూడిద రంగుకు తిరిగి, ముడి మొదట్లో మాత్రం గాఢమైన ఊదాగా మిగిలిపోతుంది. ఆ తరువాత వచ్చిన నారింజ, ఎరుపు రంగుల్లో కొన్ని వెలుతురుకు నిలబడతాయి గానీ తడి తగిలితే పక్కకు పాకుతాయి. ఇక 20వ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చిన క్రోమ్ రంగులు వెలవవు, పాకవు. కనుక పాకని రంగల్లా ప్రకృతి రంగు అనుకోకూడదు, ఇది చాలామంది అమ్మకందారులు కొన్నవారికి చెప్పని విషయం.

గోదారిగట్టు గారూ, వెనుక వైపు కనిపించని మూలలో తెల్లని నూలు గుడ్డను చల్లని నీటితో కాస్త తడిపి, ఒక్కో రంగు మీద కొన్ని క్షణాలు అద్ది చూడండి, రుద్దకండి. నూగును వేళ్లతో విడదీసి, కొనకూ మొదలుకూ తేడా ఉందేమో కూడా గమనించండి.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే పగటి వెలుతురులో చూశాను, ఫోటోలు జతచేశాను. పడుగు దంతపు తెలుపు ఉన్ని, కొన్నిచోట్ల గోధుమ పోగు కలిసి పెని ఉంది. పేక ఎరుపు. పక్క అంచును ఎరుపు, నీలం, పసుపు ఉన్నితో వంతులవారీగా చుట్టారు. దారం సన్నం లావుగా ఉంది. ముదురు గోధుమ గీతలు స్పష్టంగా లోతుకు దిగి ఉన్నాయి. అద్దినప్పుడు ఎరుపు, నీలం, పసుపు ఏమాత్రం అంటలేదు, నారింజ మాత్రం గుడ్డకు అంటింది. సన్నని లోపలి అంచులో పైకి బూడిదగా కనిపించే పువ్వులు కొన్ని ఉన్నాయి. నూగు విడదీస్తే మొదట్లో గాఢమైన ఊదా గులాబీ రంగు బయటపడింది.

కార్బన్ పరీక్ష చేయిస్తే వయసు ఖచ్చితంగా తెలుస్తుందని ఒక మిత్రుడు అన్నారు. ఇంకో విషయం, మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. తరువాత ఎప్పుడైనా తనకు పంపవచ్చా?

హ్యూస్టన్_తెలుగు

చివరి ప్రశ్నకు నేను జవాబిస్తాను. అమెరికా 2010లో ఇరాన్ తివాచీల దిగుమతిని ఆపి, 2016 జనవరిలో అనుమతించి, 2018 ఆగస్టులో మళ్లీ నిషేధించింది. వస్తువు ఇరాన్‌ది కావడమే ఇక్కడ లెక్క. మీరు షార్జాలో కొన్నందువల్ల దాని పుట్టుక మారదు. ఆ దేశపు న్యాయ సలహా లేకుండా పార్సిల్ చేయకండి. ఇండియాకు తీసుకువెళ్లాలనుకుంటే కూడా ఒక మాట: 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన కళావస్తువులను పురావస్తువులుగా లెక్కిస్తుంది, అలాంటివి దేశం దాటించడం వ్యక్తులకు కుదరదు. కొన్న రసీదును భద్రంగా ఉంచుకుని, తీసుకువెళ్లేటప్పుడు కస్టమ్స్ వద్ద ప్రకటించి కాగితం పొందండి.

పడుగుపేక

కార్బన్ పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టవద్దు. సుమారు 1650 నుంచి 1950 వరకు వాతావరణంలోని కార్బన్ హెచ్చుతగ్గుల వల్ల ఆ కాలపు వస్తువుల మధ్య ఆ పరీక్ష తేడా చూపలేదు. రంగుల రసాయన విశ్లేషణ చేసే ప్రయోగశాలకు ఒక చిన్న పోగు ఇస్తే అంతకన్నా ఉపయోగకరమైన సమాచారం వస్తుంది.

మీ ఫోటోల మీద నా నిర్ణయం ఇది. లేత పడుగు, ఎరుపు పేక, రంగులు మార్చిన అంచు చుట్టు, మూడూ ఒకేచోట ఉన్నందువల్ల ఖష్కాయీ అనడానికి నేను వెనుకాడను. మూలల్లోని పక్షులు నన్ను మొదట ఖంసే వైపు లాగాయి గానీ, నిర్మాణం సాక్ష్యం ముందు బొమ్మ సాక్ష్యం నిలవదు. ఫలానా ఉపతెగ అని మాత్రం చెప్పను. ముడి తీరు కూడా ఇక్కడ సాయపడదు, ఎందుకంటే సౌష్ఠవమైన ముడినీ, అసౌష్ఠవమైన ముడినీ ఖష్కాయీలు రెండింటినీ వాడారు. ఫుక్సిన్ ఉండడం, దానికి తోడుగా తడికి అంటే నారింజ రంగు కూడా ఉండడం, దుకాణదారు చెప్పిన నూట యాభై ఏళ్ల మాటను బలహీనపరుస్తుంది. 1890 నుంచి 1920 మధ్య అన్నది నా అంచనా.

చరిత్రబాట

ఖష్కాయీ అన్న మాటకు నా సమ్మతి ఉంది. 1890 అన్న కింది హద్దుకు కూడా. పై హద్దును మాత్రం 1920 దగ్గర మూయడానికి నాకు ఇంకా అభ్యంతరమే. మారుమూల గుడారంలో ఒక పాత రంగు పొట్లం ఏళ్ల తరబడి మిగిలి ఉండవచ్చు, తల్లి అద్ది దాచిన దారం కూతురు వాడవచ్చు. 1930ల ముందుది అని రాసుకుంటే చాలునని నా మనవి.

బందరు_అద్దకం

దారం దాచి వాడడం నిజమే, మా వృత్తిలోనూ చూస్తాం. కానీ ఆ ఊదా రంగు లోపలి అంచులో చుట్టూ క్రమంగా వచ్చింది. మిగిలిన దారంతో అక్కడక్కడా పూరించినట్టు లేదు. నేసే మనిషి దాన్ని కొత్తగా సంపాదించి, ఇష్టపడి, లెక్కగా వాడినట్టుంది. అందుకని నేను పడుగుపేక గారి వైపే మొగ్గుతాను.

ఆ రంగును చూసి మాత్రం తక్కువ చేయకండి. ప్రకృతి రంగు కాదని తెలియగానే నేతను పక్కన పడేసే సేకర్తలు ఉన్నారు, అది అన్యాయం. ఆ రోజుల్లో బజారుకు కొత్తగా వచ్చిన ఆ మెరిసే ఊదాను ఆ ఇల్లాలు తన పనిలో అందరికీ కనిపించే చోట పెట్టింది. ఎదురుగా నమూనా కాగితం లేకుండా మనసులోంచి నేసే వారి పనితనాన్నే యునెస్కో 2010లో ఫార్స్ తివాచీ నేత సంప్రదాయం పేరుతో తన మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మనసులో కొత్త రంగుకు కూడా చోటుండేది.

వస్త్రరక్షణ

నిల్వ గురించి ఎవరూ రాయలేదు కనుక వివరంగా చెబుతాను. డ్రైక్లీనింగ్ వద్దు, ఇంట్లో తడపడం అసలే వద్దు. నారింజ అంటిందని మీరే చూశారు కదా, ఒక్కసారి తడిస్తే అది పక్కనున్న దంతపు తెలుపులోకి పాకుతుంది, ఆ మరక తరువాత పోదు. వాక్యూమ్ గొట్టం మూతికి పలుచని వల గుడ్డ కట్టి, తక్కువ బలంతో, సంచి లోపలా బయటా దుమ్ము తీయండి. సంచి లోపలి మూలల్లో చేరిన మట్టిని మెత్తని కుంచెతో బయటికి తెండి. ఇసుక రేణువులు పోగును కోస్తాయి.

ఉన్నికి అసలు శత్రువు బట్టల చిమ్మెట పిల్లపురుగు. కొత్తగా తెచ్చిన ఏ ఉన్ని వస్తువునైనా మిగతావాటితో కలిపే ముందు పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే నేత మీద నీరు పడుతుంది. కలరా ఉండలు వాడవద్దు, ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు. మడత పెట్టకండి, ఉతికిన తెల్లని నూలు గుడ్డ పరచి, లావైన గొట్టం మీద నూగు బయటికి ఉండేలా వదులుగా చుట్టండి.

గోదారిగట్టు

కోయించే ఆలోచన మానుకున్నాం. ఇంట్లో వాళ్లకు ఈ చర్చంతా చదివి వినిపించాను, వారూ ఒప్పుకున్నారు. అరిగిన చోట కొత్త ముడులు వేయించమంటారా? గోడకు తగిలించవచ్చా?

వస్త్రరక్షణ

కొత్త ముడులు వేయించకండి. అరిగిన చోట పడుగు బయటపడినా తెగలేదని ఫోటోలో కనిపిస్తోంది. దాని వెనుక సరిపోయే రంగు నూలు గుడ్డ పెట్టి, పోగుల మధ్యలోంచి మాత్రమే సూది పోనిస్తూ వదులుగా కుట్టించండి, అవసరమైతే రేపు విప్పేయగలగాలి. గోడకు మేకులతో, ఉచ్చులతో తగిలించవద్దు. ఆ బరువును నూరేళ్ల ఉచ్చులు మోయలేవు. మధ్య నేత బరువు మొత్తం ఆనేలా, నూలు గుడ్డ చుట్టిన గుండ్రని వెడల్పైన కర్ర మీద, పశువు వీపు మీద వేసినట్టే రెండు వైపులా వేలాడేలా వేయండి. నేరుగా ఎండ పడని గోడ కావాలి, ఏసీ గాలి కూడా దాని మీద పడకూడదు. మూడు నాలుగు నెలలకోసారి కిందికి దించి, వెనుక మడతల్లో పురుగు జాడ ఉందేమో చూస్తూ ఉండండి.

పడుగుపేక

చిన్న మాట మిగిలింది. మూతి ఉచ్చులను ఇప్పుడున్నట్టు విప్పే ఉంచండి. మూసి చూపించాలనిపిస్తుంది, కానీ ఎండిన పాత మేకవెంట్రుక అల్లిక మళ్లీ మళ్లీ లాగితే మొదట్లోనే తెగుతుంది. ఆ ఉచ్చులు కూడా అదే కాలం నాటివైతే, వాటి ఫోటో ఒకటి దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. అల్లిక తీరు చూడాలని ఉంది.